ఆఖరి లైను

"మల్ల ఎంటరే కొట్టినవా బిడ్డా?"

వెనక నుంచి ఆ గొంతు వినబడగానే వర్షకు ఒళ్ళు మండింది.

మేడ్చల్ బస్ డిపో ఎదురుగా ఆమెది చిన్న డీటీపీ షాపు. వారం రోజులుగా ఈ ముసలాయన రోజూ వస్తున్నాడు. పేరు సిద్దిరాములట, ఊరు గౌడవెల్లట. టైపు చేయించుకునే కాగితం ఒక్కటీ తేడు. బెంచీ మీద కూర్చుని ఆమె కంప్యూటర్ వంక రెప్ప వేయకుండా చూస్తాడు. వచ్చినవాళ్ళందరూ కార్డు బాగుందా, ఫోటో బాగుందా అని చూస్తారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఈయనకు మాత్రం ఎంటర్ల లెక్కే కావాలి.

"కొడితే ఏమైతది తాతా? కిందికి దిగాల్నంటే ఎంటర్ కొట్టక ఇంకేం కొట్టాలె?"

"కాలమ్ బ్రేక్ పెట్టు బిడ్డా. ఒక్కటి పెడితే సాలు, ఎనకటి మాటలు సీదా పక్క వరుసకు ఎక్కుతయ్."

ఆ రోజు పని దేవరయాంజాల్‌లో జరగబోయే ఉచిత వైద్య శిబిరానిది. జ్వరం మందు ఎలా తాగాలో చెప్పే ఒక్క పేజీ కాగితం. ఎడమ వరుసలో పెద్దలకు, కుడి వరుసలో పిల్లలకు. కుడి వరుస చివర ఒక హెచ్చరిక: 'రెండేళ్ళలోపు పిల్లలకు ఈ మందు తాగించరాదు.'

పెద్దల సంగతి సగం పేజీకే అయిపోయింది. పిల్లల సంగతి కుడి వరుసకు ఎక్కాలని వర్ష ఎంటర్ మీద పదకొండు సార్లు కొట్టింది. రోట్లో పసుపు దంచినట్టు టకటకా కొట్టింది. తెర మీద ముచ్చటగా కుదిరింది.

"సూడు తాతా, ఎంత మంచిగొచ్చిందో!"

"గిది నీ కంప్యూటర్ల. ప్రెస్సోళ్ళ దాంట్ల అక్షరం జరంత లావైతే గా ఖాళీ లైన్లన్ని కిందికి తోస్తయ్. ఆఖరి లైను రెండో పేజీకి పోతది. వాళ్ళు ఒక్క పేజే అచ్చేస్తరు."

ఆయన లేచి వచ్చి తెర మీద ఆ ఆఖరి లైను దగ్గర వేలు పెట్టాడు.

"నీ కాల్మొక్త బిడ్డా."

అంత మాట అనేసరికి వర్షకు చిరాకుతో పాటు భయం కూడా వేసింది. పిచ్చాయనేమో అనుకుంది. "ఇగ జెర ఊకో తాతా" అని, అన్నం తిన్న డబ్బా కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఆయన ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేయి మౌస్ మీద ఉంది.

"ఏయ్! లే! ఎవల్నడిగి ముట్టినవ్?" జిరాక్సు కోసం వచ్చిన నలుగురూ చూస్తుండగానే వర్ష అరిచింది. "ఇంకోపారి నా దుకాణం మెట్లెక్కితే మంచిగుండదు. జల్దీ నడువ్!"

ఆయన మెల్లగా లేచాడు.

"సేవ్ చేసిన బిడ్డా" అని మాత్రం అని, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

ఏం పాడు చేశాడోనని ఆమె తెర వంక చూసింది. అంతా ముందున్నట్టే ఉంది. శిబిరం వాళ్ళ లోగో ప్రెస్సులోనే పెడతారు కాబట్టి ఫైలును పీడీఎఫ్ చేయకుండా ఉన్నదున్నట్టే పంపించేసింది.

మర్నాటి నుంచి ఆయన రాలేదు. పీడ విరగడైంది అనుకుంది. కానీ ఎంటర్ మీద వేలు పెట్టినప్పుడల్లా వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంటోంది. తిరిగి చూస్తే ఖాళీ బెంచీ.

ఐదో రోజు ప్రెస్సు నడిపే వీరేందర్ ఫోను చేశాడు.

"వర్షా, గా మందు కాగితం ఎవలు సెట్ చేసిన్రు? మా దగ్గర నీ ఫాంటు లేదు. వేరేది పడి అక్షరాలన్ని లావైనయ్. అయినా ఒక్క లైను కదల్లే! నీ ఫైలంటే ఎప్పుడూ పరేషానే. ఇగ గిట్లనే పంపు. వెయ్యి కాగితాలు పంచుడు గూడ అయిపోయింది."

రెండో పేజీకి పోతది అన్న మాట గుర్తొచ్చి వర్ష గుండె గుభేలుమంది. ఫైలు తెరిచి, దాగిన గుర్తులు కనిపించే బటన్ నొక్కింది. తను కొట్టిన పదకొండు ఎంటర్లు లేవు. వాటి చోట ఒకే ఒక్క చుక్కల గీత, మధ్యలో 'కాలమ్ బ్రేక్' అని.

నలుగురిలో తను అన్న మాటలన్నీ చెవుల్లో మోగాయి. సిగ్గుతో చచ్చినంత పనైంది. కాళ్ళు పట్టుకునైనా మన్నించమని అడగాలనుకుని, షాపు మూసి స్కూటీ తీసింది.

గౌడవెల్లిలో ఇల్లు వెతకడం కష్టం కాలేదు. లోపల గోడకు ఆయన ఫోటో, దానికి దండ. ముందు దీపం వెలుగుతోంది. ఆయన భార్య సుక్కమ్మ గడపలో కూర్చుని ఉంది.

వర్ష తన షాపు సంగతి చెప్పి ఆమె పక్కనే కూర్చుంది.

"ఎన్నడు పోయిండవ్వా?"

"మీ షాపుకెల్లి వచ్చిన దినమే. కడుపునిండ తిన్నడు. 'ఇయ్యాల ఒక్క లైను ఆపిన సుక్కమ్మా' అన్నడు. తొమ్మిదేండ్ల సంది కన్నంటుకోనోడు మంచిగ పండుకున్నడు. పొద్దుగాల లేవలే."

"ఏం లైను?"

"మా బిడ్డకు అంకిత అని ఏడాదిన్నర పోరి ఉండె. గిట్లనే శిబిరంల ఇచ్చిన మందు, కాగితం సూసే పోసింది మా బిడ్డ. పసిపిల్లలకు పొయ్యొద్దన్న లైను రెండో పేజీల పడ్డదట. గా పేజీ ఎవలకు ఇయ్యనే లేదు. పోరి దక్కలే."



"ఎవడవ్వా గట్ల చేసినోడు? ఊకెనే ఇడిసిపెట్టిన్రా?"

సుక్కమ్మ ఫోటో వంక చూసింది.

"తొమ్మిదేండ్లు గాయినకే బువ్వ పెట్టిన బిడ్డా. గా కాగితం టైపు కొట్టింది గీ ఫోటోల ఉన్న మీ తాతనే."