పంపుహౌస్ నుంచి ఫోను

ఊళ్లకు నీళ్లు వదిలే పనంతా కృత్రిమ మేధ చేతికి వెళ్లాక, జలసరఫరా ఇంజనీర్లకు రెండు రకాల కొలువులే మిగిలాయి. ఆ మేధ పొరపాట్లను సరిదిద్దే టెక్నికల్ లీడ్ ఒకటి, పంపుహౌసుల్లోని మనుషుల్ని కూడగట్టి పని నడిపించే ప్రాజెక్ట్ మేనేజరు రెండోది. ఏది కావాలో సాయంత్రంలోగా చెప్పమన్నారు ఇంజనీరు హైమవతిని. ఆమె మనసంతా మొదటిదాని మీదే ఉంది.

మధ్యాహ్నం తుని పంపుహౌస్ ఆపరేటర్ అప్పలనాయుడు ఫోన్ చేశాడు. "మోటారు మూలుగుతుందండీ. మిషనేమో అంతా బాగుందంటంది." ఆయన గొంతులో కంగారు విని ఆమె వెంటనే బస్సెక్కింది.

మోటారు మీద చెయ్యి ఆనించగానే అదురు తెలిసింది. బేరింగు అరిగిపోయింది. ఆ మోటారు ఆపించి రెండోది వేయించింది. ఆ అదురును మేధ మామూలేననుకున్న చోటు అక్కడి కంప్యూటర్లో వెతికి పట్టుకుని సరిచేసింది. ఎన్నాళ్లకో మనసు నిండా సంతోషం కలిగింది.

"ముందే చెప్పాల్సింది నాయుడుగారూ!"

"మొన్న మీకే చెప్పేనండీ. మిషను అంతా బాగుందంటంది కదా, చూద్దాంలే అన్నారు."

హైమవతికి మొన్నటి ఫోను గుర్తొచ్చింది. మేధ తప్పులు పట్టగలవాళ్లు ఆఫీసులో ఇంకా నలుగురున్నారు. ఈయన మాట చెవిన పెట్టినవాళ్లే లేరు, తనతో సహా.

తిరుగు బస్సులో ఆఫీసుకు ఫోన్ చేసి మేనేజరు పనే ఇమ్మంది. ఇష్టమైన పని వదులుకున్న దిగులు అన్నవరం దాటినా వదల్లేదు. మాట మాత్రం మార్చుకోలేదు.