గాలి తిరిగేలోపు

తలుపు రాలేదు.

రైనో భుజంతో తోశాడు. మోకాలితో తన్నాడు. బతిమాలాడు. చివరికి ఆ బండి చేసినవాడి వంశాన్నంతా వరసపెట్టి తిట్టాడు. తలుపు చలించలేదు. చలి దాన్ని చలించనివ్వలేదు.

అమెరికా ఉత్తరాన సముద్రమంతటి సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాళ్ల చివరికంటా బండి తెచ్చి పెట్టడం మనవరాలు ఐలా నిర్వాకం. “ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది, చూస్తూ కూర్చో తాతా, గంటలో వచ్చేస్తా” అని తాళంచెవి మెడలో వేసుకుని నీళ్లలోకి దిగిపోయింది. రాళ్లకు కొట్టుకున్న ప్రతి అల లేచి బండి మీద పడుతోంది. పడ్డ నీళ్లు పడ్డచోటే గడ్డకడుతున్నాయి. అరగంటలో బండంతా ఒక మంచుకాయ అయింది. డెబ్బై ఎనిమిదేళ్ల రైనో అందులో గింజ.

ముందు అద్దంలో అరచేయంత కంత మిగిలింది. అందులోంచి చూశాడు. నల్ల రబ్బరు తొడుగుల్లో ఐలా, ఇంకో నలుగురు, బోర్డుల మీద లేస్తూ పడుతూ అలలెక్కుతున్నారు. మగవాళ్ల గడ్డాలకు గడ్డలు కట్టాయి. సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఈ సరస్సుతో సరసం ఈ ఊరివాళ్లకే చెల్లింది.

రేవు జెండా ఇంకా ఈశాన్యం గాలికే కొట్టుకుంటోంది. మధ్యాహ్నానికి గాలి పడమటికి తిరుగుతుందనీ, తెల్లారేసరికి తీరమంతా గడ్డకట్టుకుపోతుందనీ పొద్దున రేడియో చెప్పింది. గాలి తిరిగేలోపు ఈ డబ్బాలోంచి బయటపడాలి. లేకపోతే తనకింక మళ్లీ లేదు. ఈ వయసులో ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

హారన్ నొక్కాడు.

నీళ్లలో ఐదుగురూ చేతులెత్తి ఊపారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఈ తీరంలో బండ్లలో కూర్చుని చూసేవాళ్లు అద్దం దించరు, చేతులు బయటపెట్టరు. ఎవరైనా అల బాగా ఎక్కితే హారన్ కొడతారు. రైనో చేసింది చప్పుడు. వాళ్లకు వినపడింది చప్పట్లు.

మళ్లీ నొక్కాడు. ఐలా ఇంకో అల ఎక్కింది. ఇంకా గట్టిగా నొక్కాడు. ఐలా ఒంటికాలి మీద నిలబడి చూపించింది. ఆరోసారికి తాతకు వంగి నమస్కారం పెట్టి, ఆ వంగుడుకే నీళ్లలో పడింది. ఎంత పిలిస్తే అంత దూరం పోతోంది పిల్ల.

ఫోన్ తీశాడు. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు మొద్దుల్లా ఉన్నాయి. ఎన్నిసార్లు నొక్కినా ఫోన్ ఆ వేలిని వేలుగా ఒప్పుకోలేదు. ఛాతీ చుట్టూ ఎవరో తాడు బిగించినట్టుంది. ఊపిరి సగం దాకా వెళ్లి, దారి లేదని వెనక్కొస్తోంది. చెవుల్లో దూది కుక్కినట్టు హోరు. పాదాలు తనవేనా అని అనుమానం. మోచేత్తో అద్దాన్ని పొడిచాడు. దిండుతో కొట్టినట్టు మెత్తగా తగిలింది.

ఇంతలో ఎవరో బయట మంచు గోకారు. ఎదురుగా కాఫీ హోటల్ నడిపే డార్లీన్.

“ఏం బాబాయ్, మనవరాలి మీద ముద్దు కాస్త తగ్గించుకో. నీ హారన్‌కి నా హోటల్లో కప్పులు వణుకుతున్నాయి.”

“తలుపు రావడం లేదే.”

డార్లీన్ పిడి పట్టుకుని గుంజింది. చేతి తొడుగు పిడికి అంటుకుపోయింది.

“అయ్యో రాత. నువ్వు చప్పట్లు కొడుతున్నావనుకున్నాం కదయ్యా.”

“ఆ ఒంటికాలి కొంగకి ఆరుసార్లు ఎవడు కొడతాడే చప్పట్లు?”

“వేళ్లు కదులుతున్నాయా?”

“అన్నీ కలిసి కదులుతున్నాయి.”

“ఊపిరి ఆడుతోందా?”

“సగం.”

డార్లీన్ గొంతు మారింది. “నిద్రపోకు బాబాయ్. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు.”

“గాలి ఎటుంది?”

“గాలితో నీకేం పని ఇప్పుడు?”

“ఎటుందే?”

“ఈశాన్యమే. కాస్త మెత్తబడింది.”

“అయితే తొందరగా కానీ.”

డార్లీన్ శాలువా విప్పి ఒడ్డున గిరగిరా తిప్పింది. అది చప్పట్ల కిందకి రాదు కాబట్టి ఐదుగురూ పరుగెత్తుకొచ్చారు. ఐలా బోర్డు మంచులో పడేసి తలుపు మీద పడింది.

“తాతా, పలుకు తాతా. ఊరికే చూస్తానంటేనే కదా తీసుకొచ్చాను. అమ్మ నన్ను చంపేస్తుంది.”

“ఏడుపు తరవాత. వేణ్ణీళ్లు పట్రా” అని కసిరింది డార్లీన్.

ఇక్కడ అలలెక్కే ప్రతివాళ్ల బండిలోనూ ఒక డబ్బా వేణ్ణీళ్లుంటాయి, బిగుసుకున్న వేళ్లమీద పోసుకోవడానికి. ఒకటి పోశారు. మంచు పొగ కక్కింది. రెండోది పోశారు. నాలుగోదానికి తలుపు చుట్టూ సన్నగా పగులు కనిపించింది.

“జెండా వాలిపోతోంది. ఇంక గాలి తిరుగుతుంది, అలలు చచ్చిపోతాయి” అన్నాడు గడ్డం గడ్డకట్టినవాడొకడు.

“తిరగనీ. ఇంటికి పోయి ఆవిరి గది వేడి చేద్దాం తాతా, వింటున్నావా?”

రైనో ఉన్న సగం ఊపిరిని దాచుకున్నాడు.

డార్లీన్ ఎవరో అందించిన దుప్పటి విప్పి, పసిపిల్లాణ్ణి అందుకోబోతున్నట్టు రెండు చేతులా చాపి నిలబడింది. ఐదో డబ్బా పోశారు. నలుగురూ కలిసి గుంజారు.

తలుపు ఊడొచ్చిన మరుక్షణం ఆ దుప్పటి కిందనుంచి దూరి, అందరిలాగే నల్ల రబ్బరు తొడుగు నెత్తి నుంచి పాదాల దాకా, చేతులతో సహా, ఐలా వెళ్లగానే బండిలోనే బిగించుకుని సిద్ధంగా ఉన్న రైనో, మంచులో పడున్న మనవరాలి బోర్డు చంకన పెట్టుకుని, ఆఖరి అలల్లోకి పరుగెత్తాడు.