తాబేలు పక్క చాప

"ఊపిరి వదలండి... నెమ్మదిగా. వెన్నులో ఒక్కో పూసా చాపకి ఆనాలి," అంది టీచరమ్మ.

అందరి వెన్నూ ఆనింది, ఒక్కరిది తప్ప.

"ఈ తాబేలు కిందికి దిగేసరికి తెల్లారుతుంది," అని పళ్ళు నూరాడు క్రేన్ డ్రైవర్.

పిలాటీస్ అంటే ఏదో మందు పేరనుకుని వచ్చాడు పాపం. తీరా చూస్తే చాప మీద పడుకుని నడుం ఎత్తడం, దించడం, ఊపిరి పీల్చడం, వదలడం. ఇంతేనా!

క్రేన్ నిచ్చెన మీంచి జారిపడి వెన్ను దెబ్బతింటే, ఆపరేషన్ వద్దులే అని డాక్టరే ఇక్కడికి పంపాడు.

నెలాఖరుకల్లా మళ్ళీ ఆ నిచ్చెన ఎక్కి చూపించాలి. ఎక్కలేకపోతే సీటు ఇంకొకరికిచ్చి, గేటు కాపలాకి పంపేస్తామని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

క్రేన్ పైన, మేఘాల పక్కన అద్దాల గదిలో కూర్చున్న మనిషి కింద గేటు దగ్గర కూర్చోగలడా? ఆ మాట తలుచుకుంటేనే ఆయనకి అన్నం సయించడం లేదు.

ఇక్కడి పద్ధతేమో విడ్డూరం. టీచరమ్మ అంకెలు లెక్కపెట్టదు. అందరిలోకీ నిదానంగా ఊపిరి వదిలే మనిషి ఎవరో, ఆ మనిషి కోసం మిగతావాళ్ళంతా ఆగాలి.

ఆ నిదానం మనిషి ఎప్పుడూ ఒకడే. బట్టతల, బొద్దు మీసం. ఖర్మ కొద్దీ ఆయన పడుకునేది క్రేన్ డ్రైవర్ పక్క చాప మీదే.

"మీకు నొప్పి చాన్నాళ్ళనించా?" అని ఓసారి అడిగాడు క్రేన్ డ్రైవర్.

"అబ్బో, ఎప్పటి మాటో లెండి. మీరు మాత్రం తొందరపడకండి," అని నవ్వాడు తాబేలు.

ఒళ్ళు మండిపోయింది. నీకేం బాబూ, నీ సీటు ఎవరూ ఎత్తుకుపోవడం లేదుగా!

ఇంటికెళ్ళి భార్య మీద ఎగిరాడు.

"ఆ తాబేలుగాడే లేకపోతే ఈపాటికి క్రేన్ మీదుండేవాణ్ణి!"

"ఎందుకండీ అంత ఆయాసం? ఈమధ్య మంచం దిగేటప్పుడు 'అమ్మా' అనడం మానేశారు, చూసుకున్నారా?" అందామె.

చూసుకునే తీరికెక్కడిది ఆయనకి?

ఒకరోజు ఆయన క్లాసుకి ముందుగా వచ్చాడు. టీచరమ్మ ఇంకా లోపలి గదిలోనే ఉంది. హాల్లో తాబేలు ఒక్కడే ఉన్నాడు. స్ప్రింగులు బిగించిన ఇనుప బల్లని ఒక పక్క పట్టి ఎత్తి, గోడ వైపు జరుపుతున్నాడు. మూలుగు లేదు, నడుం మీద చెయ్యి లేదు.

దొరికాడు దొంగ!

"ఏమయ్యా, బల్ల ఎత్తడానికి లేని నొప్పి చాప మీద ఎక్కడినుంచొస్తోంది?"

తాబేలు బల్ల దించి ఏదో చెప్పబోయాడు.

"నోర్ముయ్! నడుం నిక్షేపంలా ఉంది. ఊసుపోక ఇక్కడ దొర్లుతూ నా నోటికాడ కూడు లాగేస్తావా? సిగ్గుంటే రేపట్నించి నా పక్కన కనబడకు."

తాబేలు మొహం చిన్నబోయింది.

"అలాగేనండీ. నడుం జాగ్రత్త," అని లోపలికెళ్ళి టీచరమ్మతో ఏదో చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పక్క చాప ఖాళీ.

పీడ విరగడైంది అనుకున్నాడు క్రేన్ డ్రైవర్. ఇక చూడండి జోరు! ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. టీచరమ్మ "నిదానం, నిదానం" అంటున్నా చెవికెక్కలేదు. క్లాసు చాలదని ఇంట్లో కూడా మొదలెట్టాడు. ఆగమని భార్య దణ్ణం పెట్టింది. ఊహూఁ.

నెలాఖరు రానే వచ్చింది.

నిచ్చెన సగం దాకా ఉషారుగానే ఎక్కాడు. అక్కడ పట్టేసింది నడుం. పైకి పోలేడు, కిందికి రాలేడు. తోటివాళ్ళంతా తలలెత్తి చూస్తుండగా, తాడు కట్టి బస్తాని దించినట్టు దించారు. మేనేజరు దగ్గరికైనా రాలేదు. సాయంత్రానికి ఆ అద్దాల గదిలో ఇంకెవరో కూర్చున్నారు.

కొన్నాళ్ళకి భార్య భుజం పట్టుకుని మళ్ళీ క్లాసుకొచ్చాడు ఆయన. చాప మీద వాలడానికే కళ్ళనీళ్ళొచ్చాయి. ఇప్పుడు అందరూ ఆగుతున్నది ఆయన కోసమే. ఒక్కరూ విసుక్కోలేదు. ఆ సంగతి ఆయన్ని నొప్పి కన్నా ఎక్కువ ఏడిపించింది.

క్లాసయ్యాక టీచరమ్మని పిలిచాడు.

"ఆ తాబే... ఆయన రావట్లేదా మేడమ్? ఇప్పుడైతే మా ఇద్దరికీ జోడీ బాగా కుదిరేది."

"ఇంకెందుకొస్తారు? మీకిక తన అవసరం లేదని చెప్పి వెళ్ళారు. మీకు నయమైందేమోననుకుని నేనూ సరే అన్నాను."

"నాకు నయమవడానికీ ఆయనకీ ఏం సంబంధం?"

టీచరమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"మీలాంటి తొందర మనుషులకి నోటితో చెబితే పౌరుషం వస్తుంది, ఇంకా రెచ్చిపోతారు. అందుకే వాళ్ళకి తెలియనివ్వకుండా, నయమైపోయినవాళ్ళలో ఒకరిని పక్క చాప మీద పడుకోమని బతిమాలుకుంటాను. ఆయనకి నొప్పి పోయి ఏళ్ళయిందండీ. రోజూ షాపు మూసుకుని వచ్చి అంత నిదానంగా ఊపిరి వదిలింది మీ నడుం నిలబెట్టడానికే."