ఇద్దరు చేయాల్సిన లెక్క

"రెండు లెక్కలూ కలిశాయి. సాయంత్రం వ్యాసాన్ని పరిశోధన పత్రికకు పంపేద్దాం," అన్నారు ప్రొఫెసర్.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి కదల్లేదు.

విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో క్వాంటం క్షేత్రంలో లేచిన అల, విశ్వంతోపాటే సాగిసాగి, ఈ కొస కబురు ఆ కొసకు అందనంత పొడవయ్యాక ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. అప్పటికి దాని ఎత్తెంతో తేల్చే లెక్క అది. ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా చేసి, చివర్లో పోల్చుకోవాలన్నది ఆ గది కట్టుబాటు.

"రెండోది కూడా నేనే చేశాను సార్."

"అదేంటమ్మా! మరి మీ సీనియరక్క ఏం చేస్తున్నట్టు?"

"అక్కకు ఉద్యోగమొచ్చి నాలుగు నెలలైంది. మీకు చెప్పే వెళ్లింది."

ఆయన ఆ అక్క కూర్చునే పక్క కుర్చీ వైపు చూశారు. దాని మీద ఈ అమ్మాయి గొడుగు ఆరుతోంది.

"ఒకే బుర్ర రెండుసార్లు చేస్తే తప్పు కూడా చక్కగా కలుస్తుంది," అన్నారు మెల్లగా. "ఎవర్నైనా అడగకపోయావా?"

"ఎవరున్నారు సార్?"

ఆయన గొడుగు తీసి మూలన పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నారు.

"పెన్సిలివ్వు. పత్రిక ఎక్కడికీ పారిపోదులే. చేత్తో లెక్క చేసి పదేళ్లైంది. నవ్వావంటే ఊరుకోను."

ఆమె తన నోటుపుస్తకం మూసి, ఆయనకు కనబడకుండా ఒళ్లో దాచుకుంది. ఎవరి నుంచైనా దాచుకోవడం నాలుగు నెలల్లో అదే మొదటిసారి.