ఇరవై నాలుగో మూట

పాతూరులో ఫక్రుద్దీన్‌ది తాళ్ల కొట్టు.

1976లో ఒకరోజు ఆదాయపు పన్ను అధికారులు వచ్చి, అతని ఇనప్పెట్టెలో ఇరవై నాలుగు గుడ్డమూటలు చూశారు. అన్నింట్లోనూ డబ్బే.

అవి ఓడరేవు కళాసీలు అతని దగ్గర దాచుకున్నవి. నమ్మి దాచిన అమానతుకు కాగితం అడగడం వాళ్లలో అవమానం. ఎవరి మూటకు వాళ్లే ముడి వేసి ఇస్తారు, వాళ్లే వచ్చి విప్పుకుంటారు.

ఎవరివో రుజువు చెయ్యకపోతే అదంతా నీ ఆదాయమేనని నోటీసు వచ్చింది. పన్నూ జరిమానా కలిపితే కొట్టు అమ్మినా చాలదు. కళాసీలకు మొహం ఎలా చూపించాలో తెలియక ఫక్రుద్దీన్‌కు అన్నం సహించలేదు.

పన్ను కేసుల్లో పేరున్న ప్లీడరు గంగాధరరావును పెట్టుకున్నాడు. కాగితం తప్ప వేరే దేవుణ్ణి ఎరగడాయన. రెండు వాయిదాలు కాగితం ఏదనడంతోనే గడిచాయి.

ప్రతి వాయిదాకీ ఆఫీసు వరండా బల్లమీద ఒక ముసలాయన కనిపించేవాడు. మాసిన పంచె, భుజాన తువ్వాలు. పనిలేక వచ్చి కూర్చుంటాడనుకున్నాడు ఫక్రుద్దీన్.

మూడో వాయిదానాడు ఆయనే పలకరించాడు.

"బాబూ, నాను మీ నాన్నగారున్నప్పుడు..."

"తర్వాత మాట్లాడుకుందాం తాతా. ముందు ప్లీడరుగారికి టీ పట్టుకురా" అని అర్ధరూపాయి చేతిలో పెట్టాడు ఫక్రుద్దీన్.

ముసలాయన టీ తెచ్చి ఇచ్చి, మెల్లగా అన్నాడు.

"కాయితం లేకపోతే ఏటి బాబూ? ముడి ఉంది గదా. ఎవుల ముడి ఆళ్లనే ఏసి సూపమనండి."

గంగాధరరావు గ్లాసు పక్కన పెట్టి, కళాసీల పేర్లకి లిస్టు రాయడం మొదలుపెట్టాడు.

తరువాతి వాయిదాకి కళాసీలంతా వచ్చారు. అధికారి ఎదుట ఒక్కొక్కరూ గుడ్డముక్కకు ముడి వేశారు. మూటతో సరిచూసి, ఇరవై మూడు మూటలు వాళ్లవేనని రాసేశాడాయన.

ఒకటి మిగిలింది. మూడు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి.

అది తండ్రి నాటిది. దాచుకున్న మనిషి వచ్చేదాకా విప్పొద్దని మాట తీసుకుని, పేరు చెప్పకుండానే కన్నుమూశాడు తండ్రి.

"ఇదొక్కటీ మీ ఆదాయం కింద రాస్తాను" అన్నాడు అధికారి మర్యాదగానే.

గంగాధరరావు ఒప్పుకోమన్నట్టు చెయ్యి నొక్కాడు. ఆ డబ్బు తనదేనని ఫక్రుద్దీన్ సంతకం పెట్టాడు. కొట్టు దక్కింది. తండ్రికిచ్చిన మాట పోయిందని మాత్రం మనసు చివుక్కుమంది.

ముసలాయనకు రెండు చేతులూ పట్టుకుని షుక్రియా చెప్పాలని బయటికి వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది.

పొద్దుట్నుంచీ ఆయన ఇక్కడే ఉన్నాడని ప్యూను కామరాజు చెప్పాడు. లిస్టులో పేరు లేదని తానే లోపలికి వదల్లేదట. సాయిబుగారే పిలుస్తారని కూర్చున్నాడట. సంతకం అయిపోయిందని తెలిశాక లేచి, దువ్వాడ బస్సెక్కాడట.

"ఆ రోజు టీకి తనే ఇచ్చుకున్నాడంట. మీ అర్ధరూపాయి మీకిచ్చీమన్నాడండి."

తువ్వాలు చింపిన పేలికలో నాణెం కట్టి ఉంది.

విప్పబోయిన ఫక్రుద్దీన్ చెయ్యి ఆగిపోయింది. ముడి మూడు చుట్లు తిరిగి, కొస లోపలికి దోపి ఉంది.