ఎడమ మలుపు

"నిన్న మా తమ్ముడు కొత్త కొట్టు తెరిస్తే రాకుండా రోజంతా ఆ కారు కింద దూరారు. ఇక ఆ పాలిష్ డబ్బాతోనే కాపురం చేసుకోండి. నన్ను మా అమ్మ దగ్గర దింపెయ్యండి."

"ఆ డబ్బా కూడా పొద్దున్నుంచి కనిపించడం లేదు," అని గొణిగాడు భర్త.

భార్య సంచీతో పాత కారెక్కి, తలుపును అంటుకుని కూర్చుంది. తప్పయిపోయిందని చెప్పాలనే ఉంది అతనికి. చెప్పబోయి, తాళం తిప్పాడు. దేవుడా, దారి నువ్వే చూపించు అనుకుంటూ బండి తీశాడు.

ఆ కాలపు కార్లలో ముందు ఒకటే పొడుగు సీటు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా. గేరు కర్ర కూడా స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో అడ్డేమీ లేదు. వీధి చివర అతను ఎడమకు తిరిగాడు. సిగ్నల్ లైటుకు బదులు దారి చూపే చిన్న రేకు చెయ్యి తలుపు పక్కన టక్కున లేచింది. భార్య సర్రున జారి వచ్చి అతని భుజానికి తగిలింది.

ఈ సీటు ఇంత నున్నగా ఎప్పుడూ లేదే అనుకున్నాడు.

"చూసి నడపండి," అంటూ ఆమె మళ్లీ చివరికి జరిగింది.

అతను మళ్లీ ఎడమకే తిప్పాడు.

"మా అమ్మ వాళ్లిల్లు కుడివైపు కదా?"

"అటు రోడ్డు తవ్వారు."

"ఎప్పుడు?"

"ఇందాకే."

ఇంకో ఎడమ, ఆపైన మరో ఎడమ.

"ఈ దర్జీ కొట్టు ఇందాక చూశాం."

"దర్జీ కొట్లన్నీ ఒకేలా ఉంటాయి."

"దర్జీలు కూడానా?"

మళ్లీ చుట్టి వచ్చేసరికి దర్జీ మెడలో టేపుతో బయటికొచ్చి నిలబడ్డాడు. "ఏం బాబాయ్, ఏదైనా పోయిందా? వెతుకుతున్నట్టున్నారు."

"పోకుండా చూసుకుంటున్నానురా."

భార్య కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది. ఈసారి కాస్తే జరిగింది. చివరిదాకా పోలేదు.

"నిన్న రావాల్సింది. తప్పు నాదే," అన్నాడతను. ఇంత తేలికైన మాటకా ఇన్ని చుట్లు అని అతనికే అనిపించింది. "ఇంకోసారి తిరిగితే మనిల్లే. తిప్పనా?"

"తిప్పండి."

ఉత్సాహంగా తిప్పాడు. ఆమెతోపాటు ఒళ్లోని సంచీ కూడా జారి ఇద్దరి మధ్య బోర్లా పడింది. అందులోంచి ఒక్క చీరా బయటికి రాలేదు. అతని పాలిష్ డబ్బా, ఇంకా పాలిష్ తడి ఆరని గుడ్డ మాత్రం వచ్చాయి.