అడ్డంగా నిలబడ్డ అంకుల్

ఖాళీ పార్కింగ్ లాట్ చివర, గడ్డి అంచున, ఎవరో షాపింగ్ కార్ట్ అడ్డంగా పెట్టి పోయారు.

రాగిణి ట్రక్ దిగి దాన్ని ఒక్క తోపు తోసింది. అది దొర్లుకుంటూ అవతలికి పోయింది.

"అమ్మా, అక్కడ..." అంటూ ఒక పెద్దాయన వచ్చాడు. టెక్సస్ ఎండలోనూ మెడకి మఫ్లరు, కాళ్లకి కొత్త స్నీకర్లు. ప్లేనోలో కూతురింటికో కొడుకింటికో వచ్చిన మనిషని చూడగానే తెలిసిపోతుంది.

రాగిణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంకుల్, ప్లీజ్. సలహా ఒక్కటి కూడా వద్దు. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి."

నిజమే మరి. విడాకుల్లో ఇల్లు శశికాంత్‌కి పోయింది. ట్రక్కూ, దాని వెనక లాగే క్యాంపరూ, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, ఆమెకి మిగిలాయి. "నీవల్ల కాదు, అమ్మేయ్" అన్నాడు శశికాంత్. గుళ్లో కనిపించిన ప్రతి మగాడూ అదే మాట ఇంకాస్త మర్యాదగా చెప్పాడు.

రాగిణి అమ్మనంది. వేసవి సెలవుల్లో కూతురు వేదని ఎల్లోస్టోన్ పార్కుకి తీసుకెళ్తానంది. టైర్లు, లైట్లు, గొలుసులు తనే చూసుకుంది. రైస్ కుక్కరూ ఆవకాయా సర్దేసింది. రివర్స్ ఒక్కటే లొంగడం లేదు. స్టీరింగ్ ఎడమకి తిప్పితే క్యాంపర్ కుడికి పోతుంది. అందుకే ఈ ఖాళీ లాట్‌లో ప్రాక్టీసు.

"సరే తల్లీ, చెప్పన్లే" అన్నాడు పెద్దాయన.

అని వెళ్లిపోతే బాగుండేది. వెళ్లలేదు. సరిగ్గా కార్ట్ ఉన్నచోటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడూ అంతే. తర్వాతి వారమూ అంతే.

"తమాషా చూస్తున్నాడు. ఆడది బండిని ఎప్పుడు దేనికి గుద్దుతుందా అని" పళ్లు నూరింది రాగిణి.

"మామ్, హీ ఈజ్ నైస్" అంది పక్క సీట్లోంచి వేద.

రాగిణి హారన్ కొట్టింది. ఆయన కదల్లేదు.

"జరగండి అంకుల్! ఇంత పెద్ద లాట్‌లో మీకు ఇదే చోటు దొరికిందా?"

"బాగా వస్తోంది తల్లీ నీకు" అన్నాడు. జరగలేదు.

ఆ శనివారం ఆమె మొండికేసింది. ఆయనే జరుగుతాడులే అని వెనక్కి వచ్చింది. బ్రేక్ నొక్కేలోపు క్యాంపర్ మూల ఆయన మోకాలికి తగిలింది.

దిగి పరిగెత్తింది. "అయ్యో! జరగమన్నానుగా!"

"ఏం కాలేదు తల్లీ" అంటూ కుంటుకుంటూ వెళ్లాడు.

పాపం అనిపించింది. అయినా తప్పు తనది కాదనుకుంది.

తర్వాతి శనివారం ఆయన రాలేదు. ప్రయాణం ఎల్లుండే. లాటంతా తనదే. హాయిగా, వెడల్పుగా, వెనక్కి తిప్పింది.

ధడేల్‌మని చప్పుడు. క్యాంపర్ ఒక పక్కకి ఒరిగింది.

గడ్డి కింద, మూత విరిగిన డ్రెయిన్. చక్రం అందులో దిగబడింది. ఇరుసు వంగిపోయింది.

"సో, వీ ఆర్ నాట్ గోయింగ్?" వేద కళ్లలో నీళ్లు.

"వెళ్తాం. ట్రక్‌లో పడుకునైనా సరే, వెళ్తాం."

అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. రోడ్డు మీద గోతుల దగ్గర హెచ్చరికగా పెట్టే నారింజరంగు కోన్ చేత్తో పట్టుకుని ఒకమ్మాయి దిగింది. ఒరిగిన క్యాంపర్‌ని చూసి అక్కడే ఆగిపోయింది.

"అయ్యో, లేటయింది. నేను సంహితనండి. రోజూ ఇక్కడికొచ్చే బ్రహ్మయ్యగారి అమ్మాయిని. పొద్దునే నాన్నని వీల్‌చెయిర్‌లో ఇండియా ఫ్లైట్ ఎక్కించి వస్తున్నాను. పోతూ పోతూ ఇది ఇక్కడ పెట్టమన్నారు."

రాగిణి దిగబడ్డ చక్రం వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆయన నిలబడ్డ చోటు అదే.

"ఇక్కడ గొయ్యి ఉందని నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"నేనూ అదే అడిగానండి. 'చెప్పొద్దంది, చెప్పలేదు. జరగమంటే మాత్రం ఎట్లా జరుగుతా తల్లీ?' అన్నారు."